అవారిస్‌లో ఒక రాజు, తీబ్స్‌లో ఒక రాజు
పాఠకుల ప్రశ్నలు – చరిత్ర మాస్టారి జవాబులు

పోయిన సంచికలో ఈజిప్టు ముక్కలైన కాలం గురించి కొంచెం రాశాను. క్రీ.పూ. 1650 నుంచి 1550 దాకా, అటూ ఇటూగా నూరేళ్లు, ఉత్తరాన హిక్సోసులనే పరదేశపు రాజులు ఏలిన కాలం అది. పిరమిడ్ల గురించి రాసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. కావలిలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పిన రోజుల నుంచీ నాకు ఈ కాలమంటే ప్రాణం. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దీనికే కేటాయించాను. ఒకే రకం ప్రశ్నలు వచ్చినచోట కలిపేశాను.

*ప్రశ్న: హిక్సోసులు గుర్రపు రథాల మీద దండెత్తి వచ్చి ఈజిప్టును జయించారని మా పుస్తకంలో ఉంది. మీరేమో ముందే వచ్చి స్థిరపడ్డవాళ్లని రాశారు. ఏది నిజం సార్? – డిగ్రీ విద్యార్థి, ఒంగోలు*

నాయనా, మీ పుస్తకంలో ఉన్నది చాలా పాత మాట. క్రీ.పూ. మూడో శతాబ్దంలో మనెతో అనే ఈజిప్టు పూజారి గ్రీకులో తన దేశ చరిత్ర రాశాడు. ఆ గ్రంథం మనకు దక్కలేదు. తర్వాత క్రీ.శ. మొదటి శతాబ్దంలో జోసిఫస్ అనే యూదు చరిత్రకారుడు అందులోంచి కొన్ని భాగాలు తన పుస్తకంలోకి ఎత్తి రాశాడు. తూర్పు నుంచి ఊరూ పేరూ తెలియని జనం వచ్చి పడ్డారని, యుద్ధం లేకుండానే దేశాన్ని పట్టుకున్నారని, పట్టణాలు తగలబెట్టి గుళ్లు కూలగొట్టారని ఆ భాగాల్లో ఉంది. రథాల సంగతి వాటిలో లేదు, తర్వాతివాళ్లు చేర్చారు. మనెతో రాసేనాటికే ఆ రోజులు గడిచి పదమూడు వందల ఏళ్లయింది. ఓడిపోయినవాళ్లు తమ మాటగా ఒక్క చరిత్ర కూడా రాసి పెట్టిపోలేదు. ఇలాంటప్పుడు కాగితాన్ని పక్కన పెట్టి మట్టిని అడగాలి.

హిక్సోసుల రాజధాని అవారిస్. నైలు డెల్టాకు తూర్పు వైపున, ఇప్పుడు టెల్ ఎల్-దబా అనే చోట ఉండేది. మాన్‌ఫ్రెడ్ బీటాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త నాయకత్వంలో 1966లో అక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. పొర తర్వాత పొర తీసుకుంటూ పోతే, హిక్సోస్ రాజులు గద్దెనెక్కడానికి చాలా ముందు నుంచే అక్కడ సిరియా, పాలస్తీనా వైపు పద్ధతిలో కట్టిన ఇళ్లు బయటపడ్డాయి. చనిపోయినవాళ్లను ఊరి బయటకు తీసుకుపోకుండా ఇళ్ల మధ్యనే పాతిపెట్టారు. కొన్ని సమాధుల ముందు గాడిదల్ని కూడా పాతిపెట్టారు. ఇది ఈజిప్టువాళ్ల ఆచారం కాదు. బయటి సైన్యం వచ్చి ఊరిని నేలమట్టం చేసిందని చెప్పే పొర మాత్రం అక్కడ కనపడలేదు.

2020లో ఇంకో సాక్ష్యం వచ్చింది. అక్కడి సమాధుల్లో దొరికిన 75 మంది పళ్లను పరీక్షించారు. చిన్నతనంలో మనం తాగిన నీళ్లు, తిన్న తిండిలోని స్ట్రాన్షియం అనే ధాతువు పంటి పింగాణీలో ఉండిపోతుంది. దాన్ని బట్టి ఆ మనిషి ఎక్కడ పెరిగాడో చెప్పవచ్చు. ఆ 75 మందిలో సగానికి పైగా బయట పుట్టి పెరిగినవాళ్లే. అదీ ఒక ప్రాంతం నుంచి కాదు, రకరకాల చోట్ల నుంచి. హిక్సోస్ పాలనకు ముందు కూడా ఈ రాకపోకలు జోరుగానే ఉన్నాయి. వచ్చినవాళ్లలో ఆడవాళ్ల సంఖ్య ఎక్కువ. దండయాత్రకు వచ్చిన సైన్యమైతే ఈ లెక్క తారుమారుగా ఉండాలి కదా?

నీకు వీలైతే బెనీ హసన్ సమాధి బొమ్మ ఒకసారి చూడు, ఫోన్లో వెతికినా దొరుకుతుంది. రెండో ఖ్నుమ్‌హోతెప్ అనే అధికారి సమాధి గోడ మీద, హిక్సోసుల కంటే రెండు వందల ఏళ్ల పైచిలుకు ముందు గీసిన బొమ్మ అది. రంగురంగుల చారల బట్టలు కట్టుకున్న ఆడామగా వరసగా నడిచి వస్తుంటారు. గాడిద మీద ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టారు. ఒకడు నడుస్తూనే తంత్రీవాద్యం వాయిస్తున్నాడు. అతని వీపు మీద నీళ్ల తిత్తి. కంటికి పెట్టే కాటుక సరుకుగా తెచ్చారట. వాళ్ల పెద్ద పేరు అబిషా, ఒక కొండమేకను పట్టుకుని కాస్త వంగి నమస్కరిస్తున్నాడు. అందరికంటే ముందు ఈజిప్టు గుమస్తా ఒకడు చేతిలో చీటీ పట్టుకుని నిలబడ్డాడు. రాజు రెండో సెనుస్రెత్ ఏలుబడిలో ఆరో ఏడు, వచ్చినవాళ్లు 37 మంది అని ఆ చీటీలో ఉంది. సరిహద్దులో పేర్లు రాయించుకుని, లెక్క చెప్పి లోపలికి వచ్చిన జనం వీళ్లు. ఆ అబిషా పేరు పక్కన 'పరదేశపు ఏలిక' అనే బిరుదు రాసి ఉంది. గ్రీకుల నోట్లో పడి హిక్సోస్ అయింది ఆ బిరుదే.

మరి పాలన వాళ్ల చేతికి ఎలా పోయింది? 13వ వంశంలో యాభై మందికి పైగా రాజులు నూటయాభై ఏళ్లలోనే మారిపోయారు. గద్దె మీద మనిషి కుదురుగా లేకపోతే దూరపు సీమలు మాట వినవు. ముందు డెల్టా విడిపోయింది. తర్వాత అక్కడ బలపడి ఉన్న వలసజనంలోంచి రాజులు లేచారు. ఆఖరి ఘట్టంలో పోరాటం ఏమీ జరగలేదని నేను అనను. కానీ 'దండెత్తి వచ్చి జయించారు' అనే ఒక్క ముక్కలో అన్ని తరాల మనుషుల కథ ఇమడదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాయి, దాని కింద టెల్ ఎల్-దబా తవ్వకాల సంగతి కూడా రెండు వాక్యాలు రాయి.

*ప్రశ్న: 13, 14, 15, 16, 17 అని ఇన్ని వంశాలేంటండీ? ఒకరి తర్వాత ఒకరా, అందరూ ఒక్కసారేనా? చదువుతుంటే తల తిరిగిపోయింది. – గృహిణి, కందుకూరు*

అమ్మా, ఆ అంకెలు వరసగా ఉన్నాయి గానీ రాజులు వరసగా లేరు. చాలామంది ఒకే కాలంలో పక్కపక్కనే ఏలారు. కాగితం మీద నిలువుగా ఒక గీత గీసుకుని అదే నైలు అనుకోండి. పై కొసన, సముద్రం దగ్గర, అవారిస్. అక్కడ 15వ వంశం, అంటే హిక్సోసులు. కింద దక్షిణాన తీబ్స్, ఇప్పటి లక్సర్. అక్కడ 16, 17 వంశాల ఈజిప్టు రాజులు. ఇంకా దక్షిణానికి పోతే నూబియాలో కెర్మా రాజధానిగా కుష్ రాజ్యం. అవారిస్‌కూ తీబ్స్‌కూ నడుమ కూసై అనే ఊరు సరిహద్దు.

ఈ మధ్య తీబ్స్‌కు ఉత్తరాన ఉన్న అబైడోస్‌లో ఇంకో చిన్న రాజ్యం జాడ కూడా దొరికింది. 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ సెనెబ్‌కాయ్ అనే రాజు సమాధిని బయటపెట్టారు. అప్పటిదాకా ఆ పేరు కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు. పాపం ఆయన పెట్టెకు వాడిన దేవదారు చెక్క కూడా కొత్తది కాదు, పాత రాజు ఒకరి సమాధి నుంచి తెచ్చుకున్నది. ఎముకల మీద 18 గాయాలున్నాయి. పాదాల మీద, చీలమండల మీద, నడుము మీద పడ్డ దెబ్బల్ని బట్టి ఆయన ఎత్తులో, బహుశా గుర్రం మీదనో రథం మీదనో ఉండగా కింద నుంచి కొట్టారని పరిశోధకులు అనుకుంటున్నారు. ఇంతటి మనిషి పేరు మూడున్నర వేల ఏళ్లు మట్టిలో ఉండిపోయింది.

దానికి కారణం ఉంది. తర్వాతి కాలపు రాజు మొదటి సేతి అబైడోస్ గుడి గోడ మీద తన పూర్వీకులైన రాజుల పేర్లు 76 చెక్కించాడు. అందులో 12వ వంశం అవగానే నేరుగా 18వ వంశం ఆహ్మోస్ పేరు వస్తుంది. మధ్యలో హిక్సోసులే కాదు, ఈజిప్టు రాజులు కూడా మాయం. దేశం ముక్కలైన రోజుల్ని గోడ మీద గుర్తు చేసుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న, పపైరస్ అనే రెల్లు కాగితం మీది జాబితా మాత్రం వాళ్లను వదిలిపెట్టలేదు. అది తునాతునకలై ఉండటం వల్లే ఈ తలతిరుగుడంతా.

*ప్రశ్న: నీటి ఏనుగుల అరుపుల వల్ల ఇద్దరు రాజులకు యుద్ధం వచ్చిందని ఎక్కడో చదివాను. ఇది నిజమా, కట్టుకథా? – న్యాయవాది, నెల్లూరు*

కథ కట్టుకథే. కానీ అందులో ఉన్న ఇద్దరు రాజులూ నిజం, ఒకరి చావు ఇంకా నిజం.

కథ ఇది. అవారిస్ రాజు అపెపి తీబ్స్ రాజు సెకెనెన్రె తావోకు కబురు పంపుతాడు: మీ ఊరి చెరువులో నీటి ఏనుగులు రాత్రీ పగలూ అరుస్తున్నాయి, నాకు నిద్ర పట్టడం లేదు, వాటిని అక్కడి నుంచి వెళ్లగొట్టించు. రెండు ఊళ్ల మధ్య దూరం నది వెంట ఏడు వందల కిలోమీటర్ల పైమాట. అంటే ఇది గిల్లికజ్జా. సెకెనెన్రె వార్తాహరుడికి తిండి పెట్టించి, మీ రాజు చెప్పినట్టే చేస్తానని చెప్పి పంపుతాడు. తర్వాత మంత్రుల్ని, సేనాపతుల్ని పిలిపిస్తే ఒక్కరూ నోరు మెదపరు. అపెపి ఇంకో కబురు పంపబోతుండగా పపైరస్ తెగిపోయింది. మిగతా కథ పోయింది. ఈ ప్రతి ఆ రాజులు పోయిన మూడు వందల ఏళ్లకు రాసింది, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

కథ తెగినచోట శవం మాట్లాడుతుంది. 1881లో తీబ్స్ ఎదుట, డెయిర్ ఎల్-బహ్రీ కొండల్లో ఒక రహస్య గోతిలో ఎందరో రాజుల మమ్మీలు ఒక్కచోట దొరికాయి. దొంగల భయంతో పూర్వం పూజారులు దాచిపెట్టినవి. వాటిలో సెకెనెన్రె ఒకడు. 1886లో గుడ్డలు విప్పి చూస్తే తల నిండా గాయాలు. అప్పటి నుంచి ఆయన ఎలా చనిపోయాడనే వాదన నడుస్తూనే ఉంది. 2021లో ఈజిప్టు శాస్త్రవేత్తలు జాహి హవాస్, రేడియాలజీ ప్రొఫెసర్ సహర్ సలీం సీటీ స్కాన్ ఫలితాలు ప్రచురించారు.

మీరు వకీలు కాబట్టి పోస్టుమార్టం రిపోర్టు చదివినట్టే చదవండి. వయసు నలభై దగ్గర. నుదుటి మీద అడ్డంగా గొడ్డలి వేటు. కుడి కంటి దగ్గర, ముక్కు మీద, చెంపల మీద వేరువేరు ఆయుధాల దెబ్బలు. ఎడమ చెవి వెనక, పుర్రె అడుగున పోటు. దెబ్బల ఆకారాలు టెల్ ఎల్-దబాలో దొరికిన హిక్సోస్ ఆయుధాలకు సరిపోయాయి. అడ్డం పెట్టుకుంటే చేతుల మీద తగలాల్సిన దెబ్బలు ఒక్కటీ లేవు. మణికట్లు వంగి బిగుసుకున్న తీరు చూస్తే చేతులు వెనక్కి కట్టేసి ఉండాలి. యుద్ధంలో పట్టుబడ్డ రాజును ఒకరికంటే ఎక్కువమంది చుట్టుముట్టి చంపారని వాళ్లిద్దరూ తేల్చారు. ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. పగిలిన పుర్రెను శవాన్ని భద్రం చేసేవాళ్లు లేపనం పూసి కప్పిపెట్టారు. పైకి కనపడని ఆ పగుళ్లు స్కాన్‌లోనే తేలాయి. అంత ఘోరంగా చనిపోయిన మనిషిని వీలైనంత మంచిగా సాగనంపాలని ఎవరో కష్టపడ్డారు.

2021 ఏప్రిల్ 3న కైరోలో 22 రాజమమ్మీలను కొత్త మ్యూజియానికి ఊరేగింపుగా తీసుకుపోయారు. కాలక్రమంలో పెట్టిన ఆ వరసలో మొట్టమొదటి బండి సెకెనెన్రెదే.

*ప్రశ్న: పరాయి పాలనను ఎదిరించిన కామోస్‌ను మీరు తక్కువ చేసి రాశారనిపించింది. ఆక్రమించినవాళ్లను తరిమేయడం తప్పెలా అవుతుంది? – రిటైర్డ్ ఉద్యోగి, కనిగిరి*

తప్పని నేను అనలేదండీ. సెకెనెన్రె తర్వాత తీబ్స్‌ను ఏలినవాడు కామోస్. తండ్రో అన్నో, ఆయనకు సెకెనెన్రె ఏమవుతాడన్నది పక్కన పెడితే, ఆ తల చూసినవాడికి కత్తి పట్టాలనిపించడం సహజం. నేను చెప్పదలచుకున్నది వేరే. కామోస్ తన శాసనంలో తానే రాయించుకున్న మాటల్ని పూర్తిగా చదవమంటున్నాను. మనం మొదటి వాక్యాలు చదివి పుస్తకం మూసేస్తున్నాం.

ఆ పాఠం మొదలు 1908 నాటి తవ్వకంలో ఒక చెక్కపలక మీద దొరికింది. ఒకవైపు కామోస్ యుద్ధం, రెండో వైపు ఒక పాత నీతిగ్రంథం మొదలు. అందులో కామోస్ కొలువులో అంటాడు: అవారిస్‌లో ఒకడు, కుష్‌లో ఒకడు, నడుమ నేను కూర్చున్నాను, ఈజిప్టులో ఎవడి ముక్క వాడిదైపోయింది, నా బలం దేనికి? చాలా గొప్ప మాట. ఈ మాటనే అందరూ ఎత్తి చూపుతారు. దాని వెంటనే పెద్దలు ఇచ్చిన జవాబును ఎవరూ పట్టించుకోరు. కూసై దాకా మనమే ఉన్నాం, వాళ్ల మంచి పొలాలు మనకోసం దున్నుతున్నారు, మన పశువులు డెల్టాలో మేస్తున్నాయి, పందులకు గోధుమలు వస్తున్నాయి, పశువుల్ని ఎవరూ తోలుకుపోలేదు, వాళ్లు మన మీదికి వస్తే అప్పుడు చూద్దాం అన్నారు వాళ్లు. కరువు ఏట గొర్రెల మందల్ని మేతకు డెల్టా దిక్కు తోలుకుపోయే మీ కనిగిరి, పామూరు వాళ్లకు ఈ మాటలోని బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. అవతలి వాడి నేల మీద మన పశువు మేస్తుంటే యుద్ధమంటే ఏమిటో వాళ్లకు తెలుసు. ఆ పెద్దలు పిరికివాళ్లని నేను ఒప్పుకోను. రాజుకు నచ్చని ఆ సలహా శాసనంలోకి ఎక్కడం మన అదృష్టం.

సరే, కామోస్ బయలుదేరాడు. మొదట ఎవరి మీద పడ్డాడు? నెఫ్రూసిలో ఉన్న పెపి కొడుకు తేతి మీద. పేరును బట్టి చూస్తే వాడు ఈజిప్టువాడే, అవారిస్‌కు లోబడి బతుకుతున్నవాడు. అవతలి వాళ్లను కొలిచి ఈజిప్టును వదిలేశారు కాబట్టి వాళ్ల ఊళ్లను తగలబెట్టి ఎర్రటి దిబ్బలు చేశానని కామోస్ గర్వంగా చెక్కించాడు. ఆ ఊళ్లలో ఉన్నది ఎవరు? అక్కడే పుట్టి, పన్ను ఎవరు అడిగితే వాళ్లకు కట్టిన రైతులు.

1954లో కర్నాక్‌లో దొరికిన రెండో శాసనంలో ఇంకో ఘట్టం ఉంది. అపెపి కుష్ రాజుకు రాసిన ఉత్తరాన్ని ఎడారి ఒయాసిస్ దారిలో కామోస్ మనుషులు పట్టుకున్నారు. 'నువ్వు రాజయ్యావు, నాకు కబురైనా చెప్పలేదేం? వీడు నా మీదా నీ మీదా పడ్డాడు. ఉత్తరానికి రా, వీడు నా దగ్గరే ఉన్నాడు, నువ్వొచ్చే దాకా పోనివ్వను. ఈజిప్టు ఊళ్లను ఇద్దరం పంచుకుందాం' అన్నది దాని సారాంశం. ఇది చదివితే మీ కోపం న్యాయమే అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కామోస్ ఆ దూతను ఉత్తరంతో సహా అపెపికే తిప్పి పంపాడు.

చివరికి అవారిస్‌ను పట్టుకున్నవాడు కామోస్ తర్వాత రాజైన ఆహ్మోస్. ఆ యుద్ధంలో సైనికుడిగా పనిచేసిన ఇంకో ఆహ్మోస్, ఎబానా కొడుకు, ఎల్ కాబ్‌లోని తన సమాధి గోడ మీద తన కథ చెక్కించుకున్నాడు. శత్రువు చెయ్యి నరికి తెచ్చి చూపిస్తే రాజు బంగారం ఇచ్చాడట. అవారిస్ దోపిడీలో తనకు ఒక మగమనిషి, ముగ్గురు ఆడవాళ్లు, మొత్తం నలుగురు దక్కారని, రాజు వాళ్లను తనకే బానిసలుగా ఇచ్చాడని రాయించాడు. ఆ వాక్యంలో ఆ నలుగురి పేర్లు లేవు. విముక్తి రోజు వాళ్లకు ఎలా తెల్లవారిందో నేను మరిచిపోలేను. కామోస్ ధైర్యాన్ని తగ్గించకుండానే వాళ్లను కూడా లెక్కలోకి తీసుకోమని నా మనవి.

*ప్రశ్న: ఇన్ని యుద్ధాల్లో ఆడవాళ్లు ఏం చేశారు మాస్టారూ? – ఇంటర్ విద్యార్థిని, కావలి*

మంచి ప్రశ్న తల్లీ. సెకెనెన్రె పోయి, కామోస్ కూడా కొన్నేళ్లకే పోయాక, ఆహ్మోస్ గద్దెనెక్కేటప్పటికి చిన్నవాడు. రాజ్యాన్ని నిలబెట్టింది వాళ్లమ్మ ఆహ్‌హోతెప్. కర్నాక్ శాసనంలో కొడుకే ఆ మాట రాయించాడు. ఆమె సైనికుల్ని చూసుకుంది, పారిపోయినవాళ్లను వెనక్కి తెచ్చింది, దక్షిణ దేశాన్ని శాంతింపజేసింది, తిరగబడ్డవాళ్లను వెళ్లగొట్టింది అని ఉంది. ఒక తల్లిని మెచ్చుకోవడానికి వాడిన మాటలు చూడు, అన్నీ సేనాపతికి వాడేవే.

1859లో తీబ్స్ దగ్గర ఆహ్‌హోతెప్ అనే రాణి పెట్టె దొరికింది. అందులో నగలతో పాటు బాకులు, ఆహ్మోస్ పేరున్న గొడ్డలి, ఇంకా బంగారంతో చేసిన మూడు పెద్ద ఈగలు గొలుసుకు గుచ్చి ఉన్నాయి. ఎంత తోలినా మళ్లీ మీదికి వచ్చే ఈగను ఆ తర్వాతి రాజులు యుద్ధంలో పరాక్రమానికి పతకంగా ఇచ్చారు. ఒక్కో ఈగ అరచేతిలో నిండుగా పట్టేంత ఉంటుంది, కళ్లు బయటికి పొడుచుకొచ్చి, రెక్కలు నున్నగా.

ఇంకొకరున్నారు, ఆహ్మోస్ నాయనమ్మ తేతిషేరి. అబైడోస్ శాసనంలో రాజూ రాణీ కూర్చుని పోయిన పెద్దల గురించి మాట్లాడుకుంటారు. ఎందుకు గుర్తొచ్చింది, ఏమాలోచిస్తున్నారు అని భార్య అడుగుతుంది. మా అమ్మకూ నాన్నకూ అమ్మ అయిన తేతిషేరికి ఇక్కడ కూడా ఒక పిరమిడ్ కట్టిస్తాను, చెరువు తవ్విస్తాను, చెట్లు నాటిస్తాను అంటాడు ఆయన. ఈజిప్టు శాసనాల్లో ఇంత ఇంటిమాటలాంటిది అరుదు.

*ప్రశ్న: హిక్సోస్ రాజులు పాత విగ్రహాల మీద తమ పేర్లు చెక్కించుకున్నారట కదా. అది దొంగతనం కాదా? – ఉపాధ్యాయుడు, ఉదయగిరి*

ఉదయగిరి నుంచి ఈ ప్రశ్న రావడం బాగుంది. మీ కోటను గజపతుల దగ్గర 1514లో గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. గెలిచినవాడు విగ్రహాన్ని తీసుకుపోవడం మన దగ్గరా ఉన్నదే.

ఈజిప్టులో మూడో అమెనెమ్‌హాత్ చేయించిన సింహికలు, అంటే సింహం జూలు మధ్య రాజు ముఖం ఉన్న శిల్పాలు, చేతులు మారుతూ పోయాయి. వాటి మీద అపెపి తన పేరు చెక్కించాడు. తర్వాత రెండో రామ్సెస్, ఆయన కొడుకు మెర్నెప్తా, ఆ తర్వాత మొదటి సుసెన్నెస్ కూడా తమ పేర్లు చెక్కించారు. చివరికి తానిస్ అనే ఊళ్లో దొరికాయి. ఆ ముఖాలు బరువుగా, కరుకుగా ఉన్నాయని పందొమ్మిదో శతాబ్దంలో పండితులు అవి హిక్సోసుల ముఖాలే అనుకున్నారు. నిజానికవి అచ్చమైన ఈజిప్టు రాజువి. దొంగతనమంటే రామ్సెస్‌నూ అదే బోనులో నిలబెట్టాలి. నన్నడిగితే అపెపి ఆ పని చేసింది తానూ ఈజిప్టు రాజునే అని చెప్పుకోవడానికి.

*ప్రశ్న: ఆహ్మోస్ తర్వాత ఈజిప్టు మళ్లీ పరాయి పాలనలోకి పోలేదా? – కిరాణా వ్యాపారి, సింగరాయకొండ*

పోయింది, ఒకసారి కాదు. క్రీ.పూ. పదో శతాబ్దంలో లిబియా మూలాల రాజులు వచ్చారు. ఎనిమిదో శతాబ్దానికి ఒక్కో ఊరికి ఒక్కో రాజు. అప్పుడు దక్షిణాన కుష్ నుంచి పియే అనే రాజు దండెత్తి వచ్చాడు. హెర్మోపోలిస్ లొంగిపోయాక ఆయన అక్కడి రాజు నిమ్‌లోత్ అంతఃపుర స్త్రీల వైపు కన్నెత్తి చూడలేదు. గుర్రపుశాలకు మాత్రం పోయాడు. ముట్టడి రోజుల్లో మేత లేక గుర్రాలు, గుర్రపు పిల్లలు బక్కచిక్కి ఉన్నాయి. నువ్వు చేసిన అన్ని తప్పుల కంటే వీటిని ఆకలితో మాడ్చడం నన్ను ఎక్కువ బాధపెట్టింది అని నిమ్‌లోత్‌ను తిట్టాడు. ఈ మాట ఆయన విజయశాసనంలోనే ఉంది. ఆయన గుర్రాల్ని ఎల్ కుర్రులో ఆయన సమాధికి దగ్గర్లోనే నిలబెట్టి పాతిపెట్టారు. గుర్రం ఈజిప్టులో కుదురుకున్నది హిక్సోసుల కాలంలోనే.

తర్వాత అస్సీరియన్లు 671లో మెంఫిస్‌ను, 663లో తీబ్స్‌ను కొల్లగొట్టారు. 525లో పారశీకులు వచ్చారు. ఇవన్నీ క్రీస్తుపూర్వం లెక్కలే. ఈ రోజులకు వేరే సంచిక కావాలి.

*ప్రశ్న: దేశం ముక్కలై కొట్టుకుంటుంటే చదువుసంధ్యలు ఏమయ్యాయి? – లెక్కల టీచరు, కోవూరు*

టీచరు గారూ, మీకోసమే ఆఖరికి అట్టిపెట్టాను. ప్రపంచంలోని పేరున్న పాత లెక్కల పుస్తకాల్లో ఒకటి ఈ కాలానిదే. 1858లో లక్సర్‌లో అలెగ్జాండర్ రైండ్ అనే స్కాట్లాండు ఆయన దాన్ని కొన్నాడు కాబట్టి రైండ్ పపైరస్ అంటారు. రాసిన గుమస్తా పేరు ఆహ్మోస్. ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న పేరే అది. తేదీ వేశాడు: అపెపి రాజు ఏలుబడిలో 33వ ఏడు. మూడో అమెనెమ్‌హాత్ నాటి పాత ప్రతి చూసి రాశానని కూడా చెప్పాడు. కూలగొట్టడానికే వచ్చారని చెప్పే హిక్సోసుల్లో ఒకడి పేరు మీద ఈజిప్టు గుమస్తా తన పూర్వుల విద్యను నకలు తీసి నిలబెట్టాడు. నన్ను ఈ కాలం వదలకపోవడానికి పెద్ద కారణం ఈ కాగితమే.

నల్ల సిరా, ముఖ్యమైనచోట ఎర్ర సిరా. పదిమందికి రొట్టెలు పంచడం, ధాన్యపు గాదె కొలవడం, గుండ్రటి పొలం విస్తీర్ణం కట్టడం అన్నీ ఉన్నాయి. వృత్తం వ్యాసంలో తొమ్మిదో వంతు తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించమంటాడు. దాన్ని బట్టి పై (π) విలువ సుమారు 3.16 అవుతుంది.

పపైరస్ వెనక వైపు ఒకచోట ఇంకెవరో గబగబా కొన్ని ముక్కలు రాశారు. 11వ ఏడు, హీలియోపోలిస్‌లోకి ప్రవేశించారు, దక్షిణాది వాడు చారు కోట మీద పడ్డాడు, చారులోకి ప్రవేశించారని విన్నాం. ఆ పక్కనే, సేత్ దేవుడు పుట్టిన రోజున ఉరిమింది, ఐసిస్ పుట్టిన రోజున వాన పడింది అని. అవారిస్ చుట్టూ ఉచ్చు బిగుస్తున్న రోజుల కబురు ఇది. రాజు ఆహ్మోస్ సైన్యం గురించి అప్పటికప్పుడు రాసిన ముక్క మనకు లెక్కల పుస్తకం వెనక దొరికింది.

మీ క్లాసుకు పనికొచ్చేది 79వ లెక్క. 7 ఇళ్లు, ఇంటికి 7 పిల్లులు, పిల్లికి 7 ఎలుకలు, ఎలుకకు 7 గోధుమ కంకులు, కంకికి 7 కొలతల గింజలు. 7, 49, 343, 2401 (గుమస్తా చేతి పొరపాటున 2301 అని పడింది), 16807 అని వరసగా వేసి, మొత్తం 19,607 అని రాశాడు. పక్కనే ఇంకో దారిలో 2801ని 7తో గుణించి అదే 19,607 తెచ్చాడు. ఆ 2801 ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన చెప్పలేదు. మీ పిలకాయల్ని అడిగి చూడండి, కాసేపట్లో ఎవరో ఒకరు కనుక్కుంటారు.